మొక్కని బువ్వ

మా చర్చిలో ఒక అవ్వ ఉండేది. ఎవరు ఏం పెట్టినా నోట్లో పెట్టుకోకముందే "గిది ఎవలకు మొక్కి తెచ్చిన్రు?" అని అడిగేది. విగ్రహాలకు పెట్టింది ముట్టనని పట్టు. పొరుగింటి పెళ్లి లడ్డూను కూడా చిదిమి, కుంకుమ అంటిందేమోనని వెలుతురులో పెట్టి చూసేది. పక్కన కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయ్యేది.

తెలంగాణ ఉద్యమంలో బచ్చన్నపేట రోడ్డు మీద జనమంతా అక్కడే వండుకొని తినే వంటావార్పు పెట్టారు. ఆమెను నేనే తీసుకెళ్లాను. గరిటె పట్టుకున్నది బడిలో లెక్కల సారు, దేవుడే లేడని ఊరందరితో వాదించే మనిషి. ఆయన అన్నం, పప్పు వడ్డించగానే అవ్వ తన ప్రశ్న అడిగింది.

"ఎవలకూ మొక్కలేదవ్వా. నేను మొక్కనని నీకు తెల్వదా?" అన్నాడు సారు.

అవ్వ ముఖం ఇంకా ముడుచుకుంది. "ఎవలకూ మొక్కకుండనే వండినవా? గది ఇంకా పరేషాన్ గదా బిడ్డా!"

విస్తరి పక్కన పెట్టి, కళ్లు మూసుకొని, వండిన గుండిగ మొత్తానికీ ప్రార్థన చేసింది. సారు నవ్వలేదు, ఆమెన్ అనలేదు. గరిటె ఆపి నిలబడ్డాడు.

తిన్నంతసేపూ అవ్వ ఆయన మీదే కన్నేసి ఉంచింది. చివరికి సారు అడుగంటిన మెతుకులు గీకి, అవి కూడా ఆలస్యంగా వచ్చిన ముసలాయనకు పెట్టేసి, తాను మంచినీళ్లు తాగాడు.

ఇంటికి నడుస్తుంటే అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గా సారు మీద నాకు అనుమానమున్నది బిడ్డా. ఎవలకో మొక్కుతుండు. మనకు చెప్తలేడు."