తాడుకి మొహమాటం లేదు

మా పెదనాన్నగారు పోయిన కబురు నాకు గేదె ఈనుతుండగా వచ్చింది. గోదావరి మధ్య లంకలో ఒక పాక వెనక, మోచేతుల దాకా తడిసిన చేతులతో ఉన్నాను. ఫోను మోగితే ఆ ఇంటావిడే నా సంచిలోంచి తీసి చెవికి ఆనించింది. అవతల పెద్దమ్మ. "మీ పెదనాన్న కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేరమ్మా. మళ్ళీ కళ్ళు తెరవలేదు" అంది. నేను "ఆయ్" అన్నాను. గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. అవతలి గట్టు ఉందో లేదో తెలియడం లేదు. దూడ బయటపడ్డాక, దాని ముక్కు తుడుస్తూ అప్పుడు ఏడ్చాను.

మా కోనసీమలో ఎవరేం చెప్పినా ముందు నోట్లోంచి వచ్చేది ఆ మాటే. విన్నానని, సరేనని, మీరు చెప్పాక కాదంటానా అని, అన్నిటికీ అదొక్కటే. చావు కబురుకీ అదే వచ్చింది చూశారా! ఆ మాటతోనే పెదనాన్నకి పేచీ. ఆయన గురించి చెప్పడమంటే నాకు ఆ పేచీ గురించి చెప్పడమే.

ఆయన మా నాన్నకి అన్నగారు. గల్ఫులో ఏళ్ళ తరబడి, ఎడారి ఇసకలో దిగబడిన బళ్ళని బయటికి లాగే పని చేశారు. రాజోలు దగ్గర మా ఊరికి తిరిగొచ్చేటప్పుడు తోటివాళ్ళు దుప్పట్లూ సెంట్లూ తెచ్చుకుంటే, ఈయన ఒక ఆకుపచ్చ సంచి తెచ్చుకున్నారు. సంచి నిండా తాడు. "కొబ్బరితాడు పేనే ఊళ్ళోకి విమానంలో తాడు తెచ్చేరండీ ఈయన" అని పెద్దమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వేది. ఆయనా నవ్వేవారు. కానీ ఆ సంచిని ఎండ తగలని గోడకి, ఎలకలకి అందని ఎత్తున, మేకుకి తగిలించాకే నవ్వేవారు.

అది సింథటిక్ తాడు. నా బొటనవేలంత లావు, జడ అల్లినట్టు అల్లిక, లేత బూడిద రంగు. చేత్తో ఎత్తితే బరువే తెలియదు. నీళ్ళలో వేస్తే తేలుతుంది. ఇది జీపులు లాగుతుందా అని నేను వెటకారం చేస్తే, "ఇనప రోపు తెగితే మనిషిని కోసేస్తాదమ్మా. ఇది తెగితే అంతలా ఎగరదు. అలాగని దీన్నీ నమ్మెయ్యకు" అనేవారు. లాగేముందు తాడు మీద తడిపిన గోనెపట్టా కప్పేవారు, తెగినా కిందికే పడేలా. ఇనప కొక్కేల బదులు తాడుతోనే అల్లిన ఉచ్చులు వాడేవారు. గాల్లోకి లేచి మనిషికి తగిలే ఇనుమనేది ఉండకూడదని ఆయన పట్టుదల.

నేను పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటుని. నా పాత జీపులో లంకలకి తిరుగుతాను. వేసవిలో పాయ ఎండితే ఇసక, వానల్లో బురద. ఎక్కడో ఒకచోట దిగబడడం ఖాయం. నాకు కావలసిందల్లా ఆ సంచి. పెదనాన్న ఇచ్చేవారు కాదు. "సంచి ఒక్కటీ రాదమ్మా. నాతో పాటే వస్తాది" అని ఎడమ పక్క సీట్లో కూర్చుని, దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకునేవారు.

అలా ఎన్ని పొద్దుటిపూటలు తిరిగామో లెక్కలేదు. మంచులో గట్టు మీద జీపు పోతుంటే కొబ్బరి చెట్లు ఒక్కొక్కటే వచ్చి, ఎదురు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయేవి. ఇసక దగ్గరికి రాగానే ఆయన గొంతు తగ్గించేవారు. "నెమ్మదమ్మా. ఇసక పడుకునుంది, లేపకు." దిగి నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించి, మళ్ళీ ఎక్కి కళ్ళు మూసుకునేవారు. "ఎడారిలో ఉన్నారా, ఇక్కడున్నారా?" అని ఒకసారి అడిగాను. "అక్కడున్నప్పుడు ఇక్కడుండేవోణ్ణి. ఇక్కడికొచ్చేక తెలీట్లేదమ్మా" అన్నారు. ఇప్పుడు ఆ ప్రయాణాలు తలచుకుంటే నాకు ఇంజను చప్పుడు గుర్తు రావడం లేదు. ఆయన మెల్లగా ఊపిరి తీయడమే వినపడుతోంది.

ఎడారి నుంచి వచ్చిన ఆ తాడుని పాడు చేసింది నేనే. ఒకసారి ట్రాక్టరుని లాగాక దానికంతా బురద పట్టింది. ఆయనకి జ్వరం. శుభ్రం చేసి పెడదామని, మా అమ్మమ్మ ఇంట్లో చూసిందే చేశాను. మా వైపు కొబ్బరి పీచు నానితేనే తాడవుతుంది. పేనిన తాడుని కూడా కట్టేముందు తడుపుతారు, బాగా బిగుస్తుందని. నేను ఈ తాడునీ తీసుకెళ్ళి పీచు నానబెట్టే గుంటలో వేసి, పైన బండరాయి పెట్టి మూడు రోజులు ఉంచాను. తేలే తాడు మీద రాయి పెట్టినప్పుడైనా బుద్ధి రావాలి కదా! ఆ తర్వాత రేకుల మీద మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేసి, గొప్పగా చుట్టి పట్టుకెళ్ళాను.

పెదనాన్న మంచం మీద కూర్చుని, అల్లికని రెండు బొటనవేళ్ళతో విడదీశారు. లోపల ఒండ్రు. సన్నటి ఇసక పోగుపోగుకీ మధ్య దూరి ఉంది. "లాగినప్పుడల్లా ఇది లోపల్నించి కోస్తాదమ్మా. పైకి మాత్రం కొత్తగానే కనపడతాది" అన్నారు. బురద అంటితే మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెడితే చాలట. నేను మళ్ళీ కడుగుతానన్నాను. ఆయన కత్తి అందుకుని తాడుని మూరెడు మూరెడు ముక్కలుగా కోసేశారు, ఎవరూ తెలియక మళ్ళీ బండికి కట్టకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్కసారి కడిగి చూడొచ్చు కదండీ! ఇంత మొండితనమేంటండీ?" అని అరిచి, చెప్పులేసుకుని వచ్చేశాను. నెల్లాళ్ళు వాళ్ళ గుమ్మం తొక్కలేదు.

చివరికి ఆయనే వచ్చారు. మా అరుగు మీద కూర్చుని, నా వైపు కాకుండా కాలవ వైపు చూస్తూ చెప్పారు. "అక్కడ నాతో ఒకతను పనిచేసేవోడమ్మా. ఆ పొద్దున్న ఇనప రోపు పోగులు లేచి ఉన్నాయి. నేను చూసేను. పని చేయించే అరబ్బాయన తొందరగా లాగమన్నాడు. నేను ఆయ్ అన్నాను."

"అరబ్బాయనతో ఆయ్ ఏంటండీ?" అన్నాను, ఇంకా కోపం తగ్గక.

"ఏ భాషలో అన్నా అది మన ఆయ్యేనమ్మా."

ఆ రోపు తెగింది. ఆ మనిషి ఇంటికి పెట్టెలో వెళ్ళాడు. పెదనాన్న ఆ సంగతి ఒక్కసారే చెప్పారు, మళ్ళీ ఎత్తలేదు. "చిన్నప్పట్నించీ మనకి ఆయ్ అనడమే నేర్పేరు. మొహమాటం మనకే, తాడుకి మొహమాటం లేదు. తెగాలంటే తెగిపోతాది" అన్నారు. లేచి వెళుతూ ఒక షరతు పెట్టారు. "లాగకూడదని నీకు తెలిసినప్పుడు, ఎవరు లాగమన్నా సరే, ఒక్కసారి ఒద్దండీ అను. ఆ రోజు సంచి నీది."

తరవాత ఇద్దరం వెళ్ళి కొత్త తాడు కొన్నాం. షాపాయన "బండి బరువెంతండీ?" అని అడిగాడు. "బండి బరువు కాదండీ, బురద బరువు అడగండి" అన్నారు పెదనాన్న. సరుకుతో ఉన్న బండి, దాన్ని పట్టి ఉంచే బురద, రెండూ కలిపి దానికి ఎన్నో రెట్లు ఓర్చేది కావాలన్నారు. ఎంత మోస్తుందో చీటీ లేని తాడుని చేత్తో కూడా ముట్టుకోలేదు. సాగే రకం చూపిస్తే వద్దన్నారు. అది ఇసకలో ఇంకో బండితో ఊపిచ్చి లాగడానికట. మన బురదలో నెమ్మదిగా లాగాలి కాబట్టి సాగనిదే తీసుకున్నారు. ఇంటికొచ్చి, ఉచ్చు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా, దాన్ని అంగుళం అంగుళం వేళ్ళ మధ్యనుంచి జారనిచ్చి చూశారు. వాడిన ప్రతిసారీ అలాగే చూసేవారు. నా చేతా చూపించేవారు.

ఇంట్లో నాకు నోరెక్కువని పేరు. గడప దాటితే ఆ నోరు ఏమవుతుందో నాకే తెలియదు. రొయ్యల చెరువు ఆసామి మేత లారీ దిగబడి, "కాస్త లాగిపెట్టండి డాక్టరమ్మగారూ" అన్నాడు. చక్రాలు ఇరుసు దాకా దిగిపోయి ఉన్నాయి. నా జీపు వల్ల అయ్యే పని కాదు. నాకు తెలుస్తూనే ఉంది. "ఆయ్" అన్నాను. పెదనాన్న దిగి, "ముందు పారతో తవ్వించి, మేతంతా దింపించండి. పెద్ద బండి కావాలండి దీనికి" అని చెప్పి మళ్ళీ ఎక్కారు. దారిలో నవ్వుతూ "మళ్ళీ అనేసేవు" అన్నారు. "అంత మర్యాదగా అడిగితే కాదని ఎలా అంటామండీ?" అన్నాను. "అంతే మర్యాదగా అనాలి" అన్నారు. ఇలాంటివి ఒకటి కాదు, ఎన్నో జరిగాయి. ప్రతిసారీ నేను తలూపడం, ఆయన దిగడం.

పెద్దమ్మకి ఇదంతా తమాషా. "నువ్వు ఒద్దనకూడదనే ఆయన కోరికే పిచ్చిమొహమా. అనేస్తే సంచి నీదైపోతాది, ఇంక ఆయన జీపెక్కేదెలాగ?" అనేది. అప్పుడు ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు.

నిరుడు ఆయన గుండె నీరసపడింది. జీపు ఎక్కడం మానేశారు. నేను ఒక్కదాన్నే వెళుతుంటే గుమ్మంలో కుర్చీ వేయించుకుని, నేను తిరిగొచ్చేదాకా రోడ్డు వైపు చూస్తూ ఉండేవారట. సంచి మేకుకే ఉండిపోయింది. గోదావరి పొంగినప్పుడు ఎవరో పడవ కట్టుకోవడానికి తాడు అడిగితే పెద్దమ్మ ఇచ్చింది. వరదలో అడిగితే ఎవరు ఇవ్వరు? నీళ్ళు తీశాక వాళ్ళు దాన్ని చక్కగా కడిగి, చుట్టి తెచ్చిచ్చారు. ఆయనకి చూసే ఓపిక లేదు. నేను చూడలేదు. చూడాలని తోచనే లేదు నాకు.

ఆయన పోయిన మర్నాడు చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టెని వ్యాను ఎక్కించారు. పెద్దమ్మ ఆ సంచిని తెచ్చి నా జీపులో ఎడమ సీటు మీద పెట్టింది, ఆ సీటు ఖాళీగా ఉంటే చూడలేనని. సమాధుల తోటకి వెళ్ళేది చేల మధ్య మట్టి పుంత. తెల్లారగట్ల కురిసిన వానకి మెత్తబడి ఉంది. తోట ఇంకా కొంత దూరం ఉందనగా వ్యాను వెనక చక్రాలు దిగిపోయాయి. డ్రైవరు గట్టిగా తొక్కాడు, ఇంకా దిగాయి.

అందరూ నా వైపే చూశారు. సంఘ పెద్ద ఒకాయన ముందుకొచ్చి, "నువ్వే లాగాలమ్మా. ఆయనకి నీ చేతి మీదుగా జరగాలి" అన్నారు. చుట్టూ "ఆయ్, ఆయ్" అన్నారు.

నేను తాడు తీసి, ఉచ్చు దగ్గర మొదలుపెట్టి వేళ్ళ మధ్యనుంచి జారనిచ్చాను. రెండు బారల దూరంలో తగిలింది. జానెడు మేర పోగులు కరిగి అతుక్కుని, మైనం పూసినట్టు నున్నగా, గట్టిగా ఉన్నాయి. పడవ కట్టినప్పుడు దేనికో రాసుకుని వేడెక్కి ఉంటుంది. లాగితే తెగకపోవచ్చు కూడా. పది అడుగుల పని. కానీ ఆ పుంత మీద పక్కకి తప్పుకునే చోటే లేదు. పాస్టరుగారు, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, అందరూ ఆ ఇరుకులోనే ఉన్నారు.

"ఆయ్," అన్నాను. "లాగనండి."

"అదేంటమ్మా! ఊరందరి బళ్ళూ లాగిన మనిషి. ఆయన్ని లాగడానికి తాడు లేదంటావా?" అన్నారు పెద్దాయన. ఎవరో ట్రాక్టరుకి గొలుసు వేద్దామన్నారు. "గొలుసు అసలొద్దండి. తెగితే ఎవరో ఒకరు పోతారండి. తాడు పాడైపోయిందండి. తప్పు నాదేనండి, ముందే చూసుకోవలసింది. కానీ లాగనండి" అన్నాను. ఎవరో పళ్ళు కొరకడం వినపడింది.

పెద్దమ్మ వచ్చి ఆ తాడులో గట్టిపడిన చోటుని తన వేళ్ళతో తడిమింది. "అది ఒద్దందంటే ఒద్దండీ. ఆయన్ని దింపండి" అని వాళ్ళకి చెప్పింది. తర్వాత నా వైపు వంగి, నాకొక్కదానికే వినపడేలా, "అనేసేవా తల్లీ" అంది. ఆయన బతికుండగా ఆ ఒక్క మాటా ఆయన చెవిన వేయలేకపోయాను. ఆ బాధ నాకు పోదు. పోవాలని కూడా లేదు.

పెట్టెని భుజాలకెత్తుకున్నారు. మగవాళ్ళు పంట్లాలు మడిచి, చెప్పులు చేత పట్టుకున్నారు. ముందున్న వాళ్ళ కాళ్ళు దిగబడినప్పుడల్లా వెనకవాళ్ళు వచ్చి భుజం మార్చుకుంటున్నారు. నన్ను తప్పుపట్టిన పెద్దాయనే రెండుసార్లు మోశారు. పెద్దమ్మా నేనూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెనక నడుస్తున్నాం. రెండో పంట దాళ్వా ఊడ్పులకి నీళ్ళు పెట్టిన చేలు పుంతకి రెండు పక్కలా కదలకుండా ఉన్నాయి. ఆ నీళ్ళలో కూడా అంతమంది మనుషులు, మధ్యలో ఒక పెట్టె, తలకిందులుగా మాతో పాటే వెళుతున్నారు. అక్కడ బురద లేదు. వాళ్ళ పాదాలు ఎక్కడా దిగబడకుండా మబ్బుల మధ్య నడుస్తున్నాయి.