జామకాయలోంచి వచ్చిన జంట

ఎనభైల చివర్లో రేపల్లెలో జువాలజీ చెప్పుకుంటూ అద్దె గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. కాలేజీ వదిలాక నాతో మాట్లాడేది ఇంటి పెద్దామె ఒక్కతే, అదీ నీళ్ల పంపు గురించి.

పెరట్లో జామచెట్టు మీద చిన్న సీతాకోకచిలుక వాలేది. మూసిన రెక్కలు బూడిదరంగు, వాటి మీద వెంట్రుకతో గీసినట్టు జంట చారలు. వెనక రెక్క చివర సన్నటి తోక, పక్కనే కన్నులాంటి నల్లచుక్క. ఇంగ్లీషువాళ్లు హెయిర్‌స్ట్రీక్ అనే జట్టులోది. వాలగానే వెనక రెక్కలు ఆడిస్తుంది. తోకలు మీసాల్లా కదిలి, తల అటే ఉందనిపిస్తుంది. పిట్ట అక్కడ పొడిస్తే తోక పోయి ప్రాణం మిగులుతుంది. నేనూ పిట్టలాగే మోసపోయాను. వేళ్ల మధ్య తోకముక్క మిగిలింది. తలకీ తోకకీ తేడా తెలియని జువాలజీ పంతుల్ని.

చివరికి వలతో రెంటిని పట్టి రెక్కలు పరిచాను. పైవైపు ఒకటి ఊదా కలిసిన నీలం. రెండోది గోధుమరంగు, ముందు రెక్క మీద నారింజ మచ్చ. రెండు జాతులని తేల్చేసి, చెరో సబ్బుపెట్టెలో పెట్టి, తెనాలిలో రైలు మారి బాపట్ల వెళ్లాను. అక్కడ పురుగుల పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. భూతద్దంలో చాలాసేపు చూశారు గానీ పేరు చెప్పలేదు. పట్టినదాన్ని చూసి కాదు, పెంచి చూసి చెప్పాలన్నారు. పుచ్చు జామకాయలు గాజుసీసాలో వేసి, గుడ్డ కట్టి, కాచుకోమన్నారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం బాపట్లే. ఆయన ఉప్మా ఉండలు కట్టేది, మాట్లాడే అలవాటు తప్పిన నా కబుర్లు అంతకంటే. కాయ తొలిచే గొంగళిపురుగు, అది రాలిపోకుండా తొడిమని కొమ్మకి దారంతో కట్టేసుకుంటుందని ఒక సాయంత్రం కళ్లారా చూశాను. చెప్పడానికి మనిషి లేక ఆదివారం దాకా ఆగాను. ఇంటి పెద్దామె మాత్రం, "పుచ్చినవే పుచ్చుకుంటారేంటండి మేష్టారూ, మంచివి పడవా?" అనేది.

ఏడోవారం ఒకే కాయలోంచి నీలందీ గోధుమదీ వచ్చాయి. రెండు జాతులు కావు, మగా ఆడా. సంతోషించాల్సింది పోయి దిగులేసింది. సందేహం తీరిపోయాక ఇక ఏం వంక పెట్టుకుని బాపట్ల వెళ్లాలి? రెంటినీ వదిలేశాను. ఆదివారం ఎప్పట్లాగే ఆ రెండు సబ్బుపెట్టెలూ సంచిలో వేసుకుని వెళ్లి, ఇంకా ఏదీ రాలేదండి అన్నాను.

పెద్దాయన సొరుగు లాగారు. లోపల అద్దాల పెట్టెలో అలాంటి జంటే, పక్కపక్కనే. కింద చీటీ మీద సిరా వెలిసిపోయింది.

"మొదటిరోజే తెలుసండి. చెప్పేస్తే మళ్లీ రారేమోనని," అన్నారు, నా వైపు చూడకుండా.

నా అబద్ధం నేనూ ఒప్పుకున్నాను. ఉప్మా చల్లారిపోయింది. బండికి టైమై లేస్తూ, వచ్చేవారం ఏం తెమ్మంటారని అడిగాను.

"ఏదీ దొరక్కపోతే ఖాళీ పెట్టె తెండి."

తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి కోసం కూర్చుని, మొదట వలతో పట్టిన రెంటినీ ఒకే సబ్బుపెట్టెలోకి మార్చాను. రెండోది ఖాళీ అయింది.