జానెడు దూరంలో నెల్లూరు

మొన్న సాయంత్రం మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. ఆత్మకూరు జూనియర్ కాలేజీలో పదకొండో తరగతి పిల్లలకు భూగోళం చెబుతోంది, ఉద్యోగం కొత్త. "అత్తా, రేపు మొదటి పాఠం. ఉనికి, ప్రదేశం, దూరం, స్కేలు. పిల్లకాయలు నిద్రపోకుండా ఎట్టా చెప్పాలో చెప్పు" అంది. ఏళ్ళ తరబడి అదే పాఠం చెప్పి రిటైరైనదాన్ని, గడగడా చెప్పెయ్యాలి కదా. నోరు తెరిచానో లేదో, ఎక్కడి నుంచో గొర్రెల వాసన వచ్చి ముక్కుకు తగిలింది.

మాది ఉదయగిరి దుర్గం కింద పల్లె. నాయనకు గొర్రెల మంద ఉండేది. వేసవి మొదలై కొండ కింద గడ్డి మాడిపోగానే మందను తోలుకుని ఆత్మకూరు మీదుగా సంగం దాకా దిగేవాడు. అక్కడ కాలవ కింద వరి కోసిన మళ్ళలో రాత్రిపూట మంద కట్టేవాడు. గొర్రెల ఎరువు రైతుకు, వడ్లు మాకు. ఆత్మకూరులో మా మేనత్త, అంటే నాయన చెల్లెలు, సోషల్ టీచరు. హైస్కూలు చదువుకి నన్ను ఆమె దగ్గర పెట్టారు. బళ్ళో ఆమెను టీచర్ అనాలి, ఇంట్లో అత్తా అనాలి. బళ్ళో నోరు జారితే అక్కడే మొట్టికాయ, ఇంట్లో జారితే రాత్రి దాకా నవ్వు. ఏటా దారిలో నాయన మందను ఆమె ఇంటి వెనక బీడులో ఆపేవాడు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే అత్త అన్నకు సంగటి, కోడికూర వండి పెట్టేది. మంద వెళ్ళాక కూడా ఇల్లంతా ఉన్ని వాసనే. మర్నాడు నా పక్కన కూర్చునే పిల్ల బెంచీ చివరిదాకా జరిగేది.

అత్తది వింత పద్ధతి. పటాలంటే ఏమిటో చెప్పక ముందే పుస్తకం మూయించి, "మీకు బాగా తెలిసిన దారి ఒకటి గీసుకు రండి" అనేది. మిగతావాళ్ళు ఇంటి నుంచి బడికి గీశారు. నేను నాయన దారి గీశాను. పైమూల దుర్గం, నడుమ ఆత్మకూరు, ఆ తర్వాత సంగం, అడుగున నెల్లూరు. నెల్లూరు నేనెప్పుడూ చూడలేదు. కాగితం మీద చోటు మిగిలిందని పెట్టాను. అత్త చూసి, "బొమ్మ బాగుంది, ఇది పటం మాత్రం కాదు" అని స్కేలు పెట్టించి మూడుసార్లు తిరగ గీయించింది. నాలుగోదాన్ని వంటింటి తలుపు పక్కన అంటించింది.

నా పదో తరగతి పరీక్షలయ్యాక నాయన ఎప్పటిలాగే మందతో దిగాడు. నన్ను నెల్లూరు కాలేజీలో చేర్చాలని అత్త పట్టు. అన్నం తింటున్న నాయన చెయ్యి ఆగిపోయింది. "నెల్లూరా? అంత దూరమా? వద్దు" అన్నాడు. అత్త ఆయన్ను లేపి పటం ముందు నిలబెట్టింది.

"చెయ్యి పెట్టి చూడన్నా. మన ఊరి నుంచి ఈడికి ఎంత?"

నాయన ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో కొలిచాడు. "జానెడు."

"ఈడినించి నెల్లూరికి?"

మళ్ళీ కొలిచాడు. అదీ జానెడే. నాయన పటం వైపు అనుమానంగా చూశాడు. "ఏందిమే, బిడ్డ చేత తప్పు గీయించినావా? ఆత్మకూరంటే నువ్వుండావు. నెల్లూర్లో మనోళ్ళు ఎవురుండారు? అది శానా దూరం" అన్నాడు. ఎదురు చెప్పడంలో ఎవరికీ తీసిపోని అత్త, అన్నకు ఇంకో గరిటె కూర వడ్డించింది. తెల్లవారుజామున మంద కదిలి వెళ్ళిపోయింది. నా చదువు అంతటితో సరి అనుకుని పటానికి వీపు పెట్టి ఏడ్చాను.

ఆ ఏడు నాయన సంగం నుంచి తిరిగి రావాల్సిన రోజుకు రాలేదు. ఫలితాలు వచ్చాయి, ఫస్ట్ క్లాసు. కాలేజీలో చేరే గడువు దగ్గరపడింది. అత్త నన్ను "ఏడుపు మానవే" అని కసురుతూనే గంటకోసారి వీధిలోకి వెళ్ళి చూసొచ్చేది. చివరికి ఒక మధ్యాహ్నం నాయన వచ్చాడు, ఒళ్ళంతా దుమ్ము, మడమలు పగిలి. చెంబెడు నీళ్ళు తాగి చెప్పాడు. "సంగం దాటి పోయినాను. నెల్లూరు పక్కన ఒక రైతు మళ్ళో మంద కట్టినా. ఆయన పెళ్ళాం మంచిది. నా బిడ్డ ఈడ హాస్టల్లో ఉండి సదువుకుంటాది, ఆదివారం పూట ఇంత కూడు పెడతావా అమ్మా అని అడిగినా. పంపించన్నా అనింది."

అంతవరకు సంగం దాటి ఎరగని మనిషి. కొత్త మళ్ళు, కొత్త మనుషులు, ఎవరైనా వెళ్ళగొడితే దిక్కులేదు. నా కోసం గొర్రెలన్నిటినీ వెంటేసుకుని వెళ్ళాడు.

లేచి పటం దగ్గరికి వెళ్ళాడు. "నెల్లూరు యాడుండాది పాపా?" చూపించాను. దారిలో పుట్టిన గొర్రెపిల్లలకు గుర్తు పెట్టిన ఎర్రరంగు ఆయన వేళ్ళకు ఇంకా ఉంది. బొటనవేలు అక్కడ గట్టిగా ఒత్తి, "ఇప్పుడు జానెడే" అన్నాడు. అత్త అప్పుడు కూడా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది.

కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు ఆ ఇంట్లోనే తిన్నాను. ఆ తల్లి చేతి చేపల పులుసు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

ఇదంతా ఫోన్లో చెప్పుకొచ్చాను. అంతా విన్న మేనకోడలు, "ఆ పటం ఫోటో తీసి పంపు అత్తా, రేపు క్లాసులో చూపిస్తా" అంది. పెట్టె అడుగు నుంచి తీశాను. మడతల దగ్గర చిరిగింది, ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. వేలి గీతలు మాత్రం తెలుస్తున్నాయి. అలవాటు కొద్దీ జాన పెట్టి చూశాను. ఉదయగిరి నుంచి నెల్లూరు ఇప్పుడు బస్సులో ఒక పూట ప్రయాణం, అన్ని దూరాలూ తగ్గుతూ వచ్చాయి. పోయిన నాయన దగ్గరికి దూరమే ఏటికేడూ పెరుగుతోంది.