సంచిలో మిగిలిన మందులు

కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో నన్ను నందిగామ శాఖకు టెస్ట్ లీడ్‌గా వేశారు. హైదరాబాదులో తయారయ్యే వీడియో గేములను మార్కెట్లోకి రాకముందే ఆడి, లోపాలు పట్టుకోవడం మా పని. ఆటలాడితే జీతమిస్తారంటే మా ఇంటి ఓనరు చివరిదాకా నమ్మలేదు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకే పోరులో ఓడిపోతూ కూర్చుంటే తెలుస్తుంది, ఆ జీతం ఎందుకిస్తారో.

అప్పుడు మా చేతిలో ఉన్నది వంతులవారీ ఆట. మన నలుగురు వీరులూ తలా ఒక దెబ్బ వేశాక శత్రువు వంతు వస్తుంది. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. ఆఖరి పోరు అగ్గిరాక్షసితో. మా గదిలో ఎవరూ ఆమెను గెలవలేకపోయారు. రాక్షసి బలం సగానికి తగ్గించేస్తామని హెడ్డాఫీసు డిజైనర్లు కబురు పెట్టారు.

పెనుగంచిప్రోలు నుంచి రోజూ వచ్చే శిరీష మాత్రం ఒప్పుకోలేదు. ఆమె ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. "గెలవొచ్చండి, తగ్గించొద్దు" అని మీటింగులో అందరి ముందూ అనేసింది. అయితే శుక్రవారంలోగా గెలిచి రికార్డింగ్ పంపమన్నారు హెడ్డాఫీసువాళ్ళు. ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ దాన్నిబట్టే అన్నారు. నాకు ఆ అమ్మాయి మీద కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది.

ఆమె ఎత్తుగడకు వంక పెట్టడానికి లేదు. రాక్షసి గాయాలు మాన్పే ఇద్దరు భటులను ముందు పడగొట్టేది. తర్వాత రాక్షసి బలం తగ్గించే మంత్రం వేసి, అప్పుడు కొట్టేది. తన నలుగురు వీరుల్లో ఒకడైన వైద్యుణ్ణి మాత్రం శత్రువు దెబ్బ పడ్డాకే కదిలించేది. ముందే వైద్యం చేస్తే వృథా. అయినా శుక్రవారం మధ్యాహ్నం, రాక్షసి ప్రాణం రవ్వంత మిగిలి ఉండగా, మళ్ళీ ఓడిపోయింది.

నేను పక్కన కుర్చీ వేసుకుని, ఆటలో ఆమె వీరుల సంచి తెరిపించాను. దారిలో ఏరుకున్న బలం మందులన్నీ అలాగే ఉన్నాయి.

"ఇవెందుకు వాడలేదమ్మా?"

"ముందుముందు పనికొస్తాయని ఉంచానండి."

"ఇదే ఆఖరి పోరు కదా. దీని తర్వాత ఇంకేముంది?"

శిరీష నవ్వేసింది. "మా ఇంట్లో కొత్త దుప్పట్లూ అంతేనండి. చుట్టాలొస్తే వేద్దామని బీరువాలోనే ఉంటాయి." గదిలో తక్కినవాళ్ళు గప్‌చుప్‌గా తమ సంచులు తెరిచి చూసుకున్నారు. అందరివీ నిండుగానే ఉన్నాయి!

ఆ మందు ఒకసారి తాగిస్తే పోరు ముగిసేదాకా పనిచేస్తుంది. కాబట్టి ఎవరికీ గాయం కాకముందే, మొదటి వంతులోనే తాగించాలి. శిరీష అలాగే చేసింది. అందరం ఆమె వెనక చేరి చూశాం. ఆఫీసు కట్టేసే లోపే రాక్షసి కూలింది. శిరీషకంటే నేనే గట్టిగా అరిచాను. రాక్షసి బలం తగ్గించలేదు, శిరీష ఉద్యోగం ఖాయమైంది.

రిపోర్టులో గెలవలేమని రాసే ముందు సంచి చూసుకోమని, ఆ తర్వాత చేరిన ప్రతి టెస్టరుకూ చెప్పాను. రిటైరయ్యే ముందు ఒకేసారి వాడుకుని ఊళ్ళు తిరుగుదామని నా భార్యకు చెబుతూ, ఏళ్ళ తరబడి సెలవులు దాచుకొచ్చిన మనిషిని నేను. ఆ గెలుపు తర్వాతి సోమవారమే, ఆఫీసుకు వెళ్ళగానే సెలవు చీటీ పెట్టాను.