వాగు మీద నింద
ఇంజనీరింగ్‌లో పైచదువుకు నేను తీసుకున్న పరిశోధన మా ఊరి వాగు మీదే. కోనరావుపేట అవతల మూలవాగు ఒకచోట కొడవలిలా వంగుతుంది. బయటి ఒడ్డు ఏటా కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. కోసుకుపోయే ఒడ్డు మీదే మా వాడ. ఇరవై ఏళ్లకు ఆ వంపు ఎక్కడికి జరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపడం నా పని.

ప్రోగ్రామ్ నేను రాశాను. కొలతలు మాత్రం అమ్మవి. అమ్మ కూలికి పోయేది, చదువు రాదు. ఒడ్డు అంచుకు పది గజాల ఇవతల ఇద్దరం తుమ్మకట్టె గూటాలు వరసగా పాతాం. దూరానికి కనిపించాలని సిరిసిల్లలో కొన్న ఎర్ర రంగు పూశాను. వానలు వెలిశాక గూటం నుంచి అంచు దాకా ఎంత మిగిలిందో అమ్మ తాడుతో కొలిచి, అక్కడ ముడి వేసి దాచేది.

రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు దసరాకు నేను ఊరికి పోయేసరికి గూటాలు లేవు. అడవిలోని అన్నల కోసం పోలీసులు ఊరూరూ గాలిస్తున్న రోజులవి. ఎర్ర రంగు చూసి దళానికి గుర్తులనుకుని పీకేశారు. అమ్మను పొద్దంతా ఠాణాలో కూర్చోబెట్టారు. గుంతలు వానకు పూడిపోయాయి, ఇక కొలిచేదేమీ లేదు.

ఊరు చేరిన మర్నాడు ఠాణాకు పోయాను. వద్దన్నా అమ్మ వెంట వచ్చింది. ఎస్సై ముందు కంప్యూటర్ కాగితాలు పరిచి వంపు బొమ్మ చూపించాను.

"వాగు యాడికి పోతె నీకేంది?" అన్నాడు.

"మా ఇండ్లు గా ఒడ్డుకే ఉన్నయి సార్."

"మల్ల పాతిన్రో, లోపలేస్త."

అమ్మ అందుకుంది. "ఏస్తే ఎయ్యుండ్రి సారు. నేనైతే రేపే పాతుత. ఎర్రది వద్దంటె పచ్చది పూస్త. గా వాగు మీ కోసం ఆగుతదా?"

అన్నట్టే మర్నాడు పసుపుపచ్చ రంగువి పాతాం.

థీసిస్ రాసేటప్పుడు మా గైడ్ ఆ పేజీ దగ్గర ఆగిపోయారు. "పోలీసుల మాట తీసెయ్యమ్మా. గూటాలు వరదకు కొట్టుకుపోయాయని రాయి."

"వరదకు పోయాయంటే ఒడ్డు ఒక్క ఏడే గూటాల దాకా తెగినట్టు సార్. అంత తెగలేదు."

"ప్రోగ్రామ్‌లో వేయకు. పుస్తకంలో రాయి, చాలు."

"అప్పుడు పుస్తకంలో ఒక వాగు, ప్రోగ్రామ్‌లో ఇంకో వాగు ఉంటాయి."

ఆయన చెడ్డవారు కారు, భయపడ్డారు. నాలుగు నెలలు సంతకం పెట్టలేదు. నేను ప్రతి సోమవారం అదే పేజీ పట్టుకుని ఆయన గది ముందు నిలబడ్డాను. చివరికి, "వైవాలో నేను నోరు విప్పను, నువ్వే చెప్పుకో" అంటూ సంతకం చేశారు.

వైవాకు వచ్చిన పరీక్షకుడు ఆ వాక్యం పైకి చదివాడు: మూడో ఏడు గూటాలను పోలీసులు తొలగించినందున కొలతలు లేవు. "ఇది అవసరమా?" అని అడిగాడు.

"అవసరమే సార్. వాగు చేయని పనిని వాగు మీద వేయలేను."

ఆయన తర్వాతి పేజీ తిప్పి ఒడ్డు మట్టి గురించి అడిగాడు.

డిగ్రీ వచ్చింది. ఆ వాక్యం కారణంగా పోలీసు విచారణ తేలక, జగిత్యాలలో రావలసిన ఉద్యోగం ఏడాదిన్నర ఆలస్యమైంది. అన్నాళ్లూ అమ్మతో కలిసి నాట్లకు పోయాను. ఆ వాక్యం తీసేసి ఉంటే బాగుండేదని ఒక్క పూట కూడా అనిపించలేదు.