తోమిన బిందె

నా తల్లిదండ్రులు నా పెంపకంలో చేసిన మంచి పని ఏదని ఎవరైనా అడిగితే, ఈ జూన్ వరకూ నేను తడుముకోకుండా చెప్పగలిగే జవాబు ఒకటుండేది: మా నాన్నగారు నాకు ఈత నేర్పారు. ఇప్పుడు ఆ వాక్యంలో ఏ మాట నిజమో నాకు సరిగా తెలియడం లేదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నా భార్య పుట్టిల్లు అప్పనపల్లి అవతల ఒక లంకలో ఉంది. వరద రోజుల్లో అక్కడికి పడవ మీదే వెళ్ళాలి. కిందటి వరదప్పుడు మా అమ్మాయి నది మధ్యలో హఠాత్తుగా లేచి నిలబడి, ఒడ్డుకు తీసుకుపొమ్మని కేకలు పెట్టింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. పడవ నడిపే ఆయన దాన్ని భుజం పట్టి కూర్చోబెట్టకపోతే ఏమయ్యేదో నేను ఊహించదలుచుకోలేదు. "గోదావరి పొంగేలోగా దానికి ఈత రావాలి. రాకపోతే దాన్ని పడవ ఎక్కించను, నేనూ ఎక్కను," అని నా భార్య తేల్చి చెప్పింది. అందుకని కాలువకు నీళ్ళు వదలగానే, మా ఇంటి వెనుక రేవులోకి మా అమ్మాయిని నేనే దింపాను.

పద్ధతి నాకు తెలుసు. పీచు వలవని ఎండు కొబ్బరికాయలు రెండు తీసుకుని, ఒక్కొక్క కాయకు కొంత తొక్క చీల్చి, ఆ చీలికలు రెండూ కలిపి ముడివేస్తారు. పిల్లవాడు ఆ ముడి మీద రొమ్ము ఆనించి పడుకుంటే, కాయలు రెండూ చెరోపక్క తేలుతూ వాణ్ణి మోస్తాయి. నేను అలాగే నేర్చుకున్నాను. నాన్నగారు రొమ్ములోతు నీళ్ళలో నిలబడి, నా పొట్ట కింద అరచెయ్యి పెట్టి, రేవుకు సమాంతరంగా నడిచేవారు. అమ్మ పై మెట్టు మీద కూర్చుని బిందె తోముకుంటూ ఉండేది. రోజులు గడిచేకొద్దీ కాయలు చిన్నవయ్యాయి. చివరికి రెండింటికి బదులు ఒకటే కట్టారు. ఆ తరువాత అదీ లేదు.

నా ఉద్యోగం గ్యాస్ గొట్టాల మీద ఉండే ప్రెషర్ గేజీలు సరిగా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం. బరువును కొంచెం కొంచెంగా మారుస్తూ, ముల్లు ఎలా స్పందిస్తుందో చూడటం అందులో ముఖ్యమైన భాగం. ఆ పని చేస్తున్నప్పుడల్లా ఆ కాయలు నాకు జ్ఞాపకం వచ్చేవి. ఏ పుస్తకమూ చదవకుండా, బిడ్డకు తెలియకుండా, ఆధారాన్ని అంచెలంచెలుగా తగ్గించడం ఎంత గొప్ప ఆలోచన!

అదే గొప్ప ఆలోచన మా అమ్మాయి దగ్గర పనిచేయలేదు. అది కాయలు వదిలేసి నా మెడ పట్టుకుంది. కాళ్ళు ఎంత కోణంలో ఆడించాలో, ఊపిరి ఎప్పుడు పీల్చాలో నేను వివరించినకొద్దీ పట్టు బిగించింది.

"భయమెందుకమ్మా, నేను పక్కనే ఉన్నానుగా?"

"నీకేం నాన్నా, నీకు ఈతొచ్చు. నీకు భయం లేదు. నీకేం తెలుస్తుంది?"

దాన్ని ఎత్తుకుని మెట్లెక్కాను. ఇంటికి వచ్చి, అరుగు మీద పేపరు చదువుకుంటున్న నాన్నగారితో, "రేపటి నుంచి దానికి మీరే నేర్పండి, నాకు నేర్పినట్టు," అన్నాను.

ఆయన పేపరు దించకుండానే, "నాకు ఈతెక్కడొచ్చురా?" అన్నారు.

పరిహాసమనుకున్నాను. కాదు. మా నాన్నగారు మెట్ట ప్రాంతం నుంచి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చినవారు. ఆయనకు ఈత రాదు. ఎన్నడూ రాలేదు.

"మరి నాకెలా నేర్పేరు?"

"నేర్పడమేంటి? నీళ్ళలో నించున్నాను. నువ్వే ఈదేవు."

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "నించోడానికే ఆయనకి ప్రాణం పోయేదిరా. కాలి వేళ్ళతో ఆఖరి మెట్టు అంచు తడుముకుంటా నడిచేరు. ఆ చెయ్యి ఎలా వణికేదో నీకు తెలీలేదేంటి?"

తెలిసింది. పొట్ట కింద ఆ వణుకు నాకిప్పటికీ గుర్తే. నీళ్ళు చల్లగా ఉండటం వల్ల అనుకున్నాను. జూన్‌లో కాలువ నీళ్ళు చల్లగా ఉండవన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

"నేను మునిగిపోతే?" అని అడిగాను.

"నేనున్నానుగా మెట్టు మీద. లంకలో పుట్టినదాన్ని. మా ఊళ్ళో దూడలక్కూడా ఈతొచ్చు, మీ నాన్నగారికే రాదు."

"చూసేవా, అవకాశం దొరికితే చాలు," అన్నారు నాన్నగారు.

"అయితే నువ్వే దిగొచ్చు కదమ్మా?"

"నేను చెప్పేనురా. ఆయనే వినలేదు. తండ్రి ఒడ్డున నించుంటే పిల్లాడికి అనుమానం వస్తుందన్నారు."

"అబద్ధం. తండ్రన్నాక దిగాలని నువ్వే తోసేవు," అన్నారు నాన్నగారు.

"నేనా? ఏవండీ, ఇంత వయసొచ్చి కూడా!"

ఇద్దరూ నిజమే చెబుతున్నట్టున్నారు. ఏ కొలతకూ లొంగని పరిస్థితి. కనీసం ఒక్క అంశమైనా స్థిరంగా నిలబెట్టుకుందామని కాయల సంగతి అడిగాను. వాటిని క్రమంగా చిన్నవి చేయాలన్న ఆలోచన ఎవరిది?

అమ్మ చేతులు తుడుచుకుంటూ అరుగు మీదికి వచ్చింది. "ఆలోచనేంటిరా? పెద్ద కాయలు అమ్మకానికి కొట్టుకి వెళ్ళిపోయేవి. మిగిలినవి కట్టేదాన్ని."

"మరి చివర్లో ఒకటే?"

"రెండోది ఎలక కొట్టేసుంటుంది."

ఇన్నేళ్ళుగా నేను ఆరాధిస్తూ వచ్చిన పద్ధతిలో సగం కొట్టు యజమానిది, సగం ఎలుకది. ఈత వచ్చిన ఆవిడ ఒడ్డున కూర్చుంది, రాని ఆయన నీళ్ళలో దిగారు. అయినా నాకు ఈత వచ్చింది, నీళ్ళ భయం మాత్రం అంటలేదు. ఇందులో వాళ్ళు చేసిన మంచి ఏ చోట ఉందో నేను గుర్తించలేకపోయాను. అది ఉందన్న విషయంలో మాత్రం నాకు సందేహం కలగలేదు; ఆ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో నాకు బోధపడలేదు.

ఇదంతా మా అమ్మాయి గుమ్మంలో నిలబడి విన్నదని తరువాత తెలిసింది. మర్నాడు సాయంత్రం అది వెళ్ళి నాన్నగారి ముందు నిలబడింది.

"తాతగారూ, మీకు నిజంగా ఈత రాదా?"

"రాదమ్మా."

"నీళ్ళంటే భయమా?"

"ఆయ్. చాలా భయం."

"అయితే నేను మీతో దిగుతాను."

నేను వద్దన్నాను. ఈ వయసులో ఆయన దిగడం, అదీ ఈత రాకుండా, ఏ లెక్కన చూసినా తప్పే. నాన్నగారు నా మాట వినిపించుకోలేదు. పంచె ఎగగట్టి, ఒక్కొక్క మెట్టే పాదంతో తడుముతూ రొమ్ములోతుకు వెళ్ళారు. మా అమ్మాయి కాయల మీద పడుకుంది. ఆయన దాని పొట్ట కింద చెయ్యి పెట్టారు.

"తాతగారూ, మీ చెయ్యి వణుకుతోంది."

"అవునమ్మా. నువ్వు కాళ్ళాడించు, నాకు ధైర్యంగా ఉంటుంది."

అది కాళ్ళు ఆడించింది. గట్టు మీద సైకిలు ఆపి ఎవరో, "మనవరాలికి ఈత నేర్పుతున్నారాండీ?" అని అడిగారు. "లేదండీ, ఆవిడే నాకు నేర్పుతోంది," అన్నారు నాన్నగారు. మా అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే, ఆయన చేతి మీద నుంచి కొంచెం ముందుకు జరిగింది. ఆయన ఆ చేతిని అక్కడే ఉంచేశారు.

నేను చొక్కా విప్పి, మెట్ల మీద సిద్ధంగా నిలబడ్డాను. ఎవరి వంక చూడాలో తెలియలేదు: ఆయన్నా, దాన్నా? ఇద్దరిలో ముందు ఎవరిని పట్టుకోవాలి?

అమ్మ ఇత్తడి బిందె, గుప్పెడు బూడిద తెచ్చి నా పక్కన పెట్టింది. బిందె అప్పటికే అద్దంలా ఉంది.

"ఊరికే అలా నించోకు. అది చూస్తే భయపడుతుంది. కూర్చుని ఇది తోము."

"తోమే ఉంది కదమ్మా."

"ఎప్పుడూ తోమే ఉండేదిరా."

నేను కూర్చున్నాను. బూడిద అందుకుని, మెరుస్తున్న బిందెను తోమడం మొదలుపెట్టాను, కళ్ళు మాత్రం నీళ్ళ మీదే ఉంచి.