పిడుల్లేని బండి

రాట్‌లిఫ్ అన్నదమ్ములు తన్నుకోని శనివారం ఆ వీధివాళ్ళకి గుర్తు లేదు. ఒహాయో నది మీద మంచు విడకముందే వాళ్ళ షెడ్డులో సుత్తి చప్పుడు మొదలయ్యేది. మధ్యాహ్నానికి తిట్లు, పొద్దు వాలేసరికి ఎవడో ఒకడి ముక్కులోంచి నెత్తురు. పక్కింటి ఓపల్ ముసలమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, "ఇవాళ ఎవడి వంతురా?" అని అడిగేది. ఎవడి వంతైనా, ఐసుముక్కలు గుడ్డలో కట్టి ఇచ్చేది ఆవిడే.

పెద్దవాడు డెల్మర్. ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. పెళ్ళాం ఎప్పుడో వదిలేసి పోయింది, పిల్లల్లేరు. లోకంలో అతనికంటూ మిగిలినవి రెండు: తమ్ముడు రాయిస్, పంతొమ్మిదివందల అరవైలో తండ్రి కొన్న స్టేషన్ వ్యాగన్ అనే పొడుగాటి కారు. ఈ రెండిట్లో నీకేది ఎక్కువ అని ఎవడైనా అడిగుంటే డెల్మర్ వాడి మూతి పగలగొట్టేవాడు. అడగకపోయినా జవాబు చెప్పాల్సిన రోజు ఒకటి వచ్చింది.

ఆ బండిలో చిట్టచివరి సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. చిన్నప్పుడు ఇద్దరూ అందులో కూర్చుని, వెనక వచ్చే బళ్ళవాళ్ళకి కనబడేలా కొట్టుకునేవారు. తండ్రి బండి రోడ్డు పక్కకి తీసి, బెల్టు విప్పి, ఇద్దర్నీ వాతలు తేలేట్టు సమానంగా బాదేవాడు. ఆ ఇంట్లో కోపం, బెంగ, ప్రేమ, ఏదైనా చేత్తోనే చెప్పుకునేవారు. తల్లిని పూడ్చిన రోజు అన్నదమ్ములిద్దరూ చర్చి వెనక చొక్కాలు చిరిగేదాకా కలబడి, తర్వాత ఒకే గిన్నెలో చిక్కుడుగింజల పులుసూ మొక్కజొన్న రొట్టే తిన్నారు. వాళ్ళ ఏడుపు అలా ఉండేది.

తండ్రి పోయాక ఆ తుప్పుపట్టిన బండిని బాగుచేద్దామని ఇద్దరూ అనుకున్నారు. బాగుచెయ్యడమంటే ఏమిటనే దగ్గరే తగాదా. ఫ్యాక్టరీ గేటు దాటిననాడు ఎలా ఉందో అలాగే ఉండాలని డెల్మర్ పట్టు. మర మేకు కూడా ఆ కాలం నాటిదే కావాలి. రాయిస్ ఇళ్ళకి పైకప్పులు వేసేవాడు, రేకు పనిలోనూ వెల్డింగులోనూ చెయ్యి తిరిగినవాడు. బండిని నేలకి ఆనేంత కిందికి దించి, ద్రాక్షరంగు వేసి, కొత్త సొగసు తేవాలని వాడి సరదా.

"నాన్న కొన్నది కొన్నట్టే ఉంచడానికి ఇదేమన్నా ఆయన సమాధా?" అనేవాడు రాయిస్.

"నీ బుర్ర కిందికి దించుకో ముందు. బండి జోలికి రాకు."

ఆ మాట మీద ఒకసారి రాయిస్ పక్కటెముక విరిగింది.

డెల్మర్ ప్రాణమంతా అద్దాల మీదే. వెనక సీటు పక్కన వంపు తిరిగే అద్దం ఎక్కడా దొరకలేదు. చివరికి టెన్నెసీ కొండల్లో ఒక తుక్కువాడి కోళ్ళగూటి కింద పగలనిది ఒకటి కనబడింది. తల్లి కుట్టిన బొంతలో చుట్టి, దారి పొడుగునా గుంట కనబడితే చాలు గుండె పట్టుకుంటూ తెచ్చాడు. బిగించాక రాయిస్‌ని కూడా ముట్టుకోనివ్వలేదు.

ఒక ఆదివారం డెల్మర్ డ్యూటీ దిగి వచ్చేసరికి తలుపులకి పిడులు లేవు. వెనక తలుపుక్కూడా లేదు. చిల్లులన్నీ పూడ్చేసి, అరచేతిలా నున్నగా గీకేశాడు రాయిస్. లోపలి పిడులూ, వాటి కడ్డీలూ, అద్దాలు దించే పిడులూ కూడా పీకి పారేశాడు.

"బొత్తాం నొక్కితే కరెంటుతో తలుపు టక్కున తెరుచుకుంటుందన్నా. బాగా చూడు, కళ్ళు తిరుగుతాయి," అన్నాడు మురిసిపోతూ.

డెల్మర్ స్పానర్‌తో కొట్టాడు. రెండు పళ్ళు నేల మీద పడ్డాయి. రాయిస్ అతని జుట్టు పట్టుకుని తల తీసుకెళ్ళి బల్లకేసి మోదాడు. డెల్మర్ చెవి చీలింది. ఆ తర్వాత రాయిస్ వెళ్ళిపోయాడు.

తర్వాతి శనివారం రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. డెల్మర్‌కి అన్నం సయించలేదు. వాడిక రాడేమోనని భయం పట్టుకుంది. ఆ భయం తండ్రి బెల్టుక్కూడా అతనెప్పుడూ పడలేదు. ఆఖరికి ఒక ఉదయం రాయిస్ రెండు పళ్ళు లేని నోటితో వచ్చి, వెల్డింగు ముసుగు తగిలించుకున్నాడు. డెల్మర్ వెళ్ళి వాడి వీపు మీద ఒక్కటి ఇచ్చాడు. రాయిస్ తిరిగి అతని డొక్కలో గుద్దాడు. అంతటితో రాజీ. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

ఇక మిగిలింది తుప్పు తిన్న నేలరేకు. వెల్డింగు చేసేముందు బ్యాటరీ పీకెయ్యాలి, లేకపోతే తీగలు మాడతాయి. పీకి అవతలి గోడ దగ్గర పెట్టారు. తలుపులు మూసి ఉంచాలి, లేకపోతే బండి నడుం వంగి, తర్వాత ఏ తలుపూ సరిగ్గా కూర్చోదు. ఇది డెల్మర్ పట్టుదల.

"ఉడికి చస్తానన్నా. ఒక్క తలుపన్నా తీసి ఉంచు."

"మూసుకుని పని చూడు. అయ్యాక బ్యాటరీ తగిలిస్తాలే."

"అడుగున ఈ తారు గీకెయ్యనా?"

"అది తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన తారు. గీకితే నీ చర్మం గీకుతా."

రాయిస్ నవ్వుతూ బండి లోపలికి దూరాడు. డెల్మర్ భుజంతో తలుపు నెట్టి మూశాడు.

నిప్పురవ్వలకి ఆ ముసలి తారే అంటుకుంది. ముందు సన్నగా నల్లటి పొగ. డెల్మర్ తల తిప్పేసరికి బండంతా పొగ నిండిపోయింది, లోపల ఎర్రటి వెలుగు. బ్యాటరీ ఎత్తుకొచ్చి తీగలకి ఆనించాడు. టక్కుమనలేదు. తీగలు అప్పటికే కరిగిపోయాయి. తలుపు పట్టుకుని లాగుదామంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ నున్నటి రేకు మీద అతని గోళ్ళు జారాయి. ఒక గోరు ఊడొచ్చింది.

రాయిస్ వెనక సీటు దగ్గరికి పాకి, వంపు అద్దానికి మొహం ఆనించాడు. పిడికిళ్ళతో అద్దాన్ని బాదుతున్నాడు. డెల్మర్ చేతికి పెద్ద సుత్తి దొరికింది. ఎత్తాడు. తమ్ముడి కళ్ళలోకి చూశాడు. తర్వాత అద్దం అంచు వంక చూశాడు. సుత్తి దిగలేదు. బండి చుట్టూ ముందు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. ముందు తలుపుది బల్లపరుపు అద్దం. అలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి.

దాన్ని బాది పగలగొట్టి, గాజుపెంకుల మీదుగా పొట్ట చీరుకుంటూ లోపలికి దూరి, సీట్ల మీంచి పాకి, తమ్ముడి కాలు పట్టుకుని ఈడ్చాడు. అప్పటికి రాయిస్ చేతి తొడుగులు చర్మానికి అంటుకుపోయాయి. ఇద్దరూ బయట గులకరాళ్ళ మీద పడ్డారు. కేకలు వేస్తూ ఓపల్ నీళ్ళ గొట్టం లాక్కొచ్చింది. వాళ్ళ వెనక వంపు అద్దం వేడికి దానంతట అదే పగిలి జలజలా రాలిపోయింది.

ఆస్పత్రిలో రాయిస్ చేతులు మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి. డెల్మర్ పొట్ట మీద కుట్లు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

"వెనక అద్దం పోయిందిరా," అన్నాడు. నోరు జారాక నాలుక కోసేసుకోవాలనిపించింది.

"తెలుసు." రాయిస్ గొంతు పొగకి బొంగురుపోయింది. "దాని వెనక ఉన్నది నేనే కదా. నన్ను చూశావు. తర్వాత దాన్ని చూశావు."

"ఒక్క క్షణమేరా."

"చూశావా లేదా?"

"చూశాను."

డెల్మర్ లేచి, మంచం మీదికి వంగి, మొహం తమ్ముడి మొహానికి దగ్గరగా పెట్టాడు. కన్నీళ్ళు వాడి కట్ల మీద పడుతున్నాయి.

"కొట్టరా. మోచేత్తో కొట్టు, కాలెత్తి తన్ను. ఏదో ఒకటి చెయ్యి."

రాయిస్ అతని వంక చూశాడు. వాడి కళ్ళలో కోపం లేదు. డెల్మర్ వెతికాడు, ఎక్కడా కనబడలేదు.

"లేదన్నా. ఇవి బాగయ్యాక కూడా నిన్ను కొట్టను," అన్నాడు రాయిస్. "ఇంకెప్పుడూ కొట్టను."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. నర్సు వచ్చి, వేళయింది వెళ్ళమంది. డెల్మర్ దెబ్బ కోసం మొహం ముందుకి పెట్టి అలాగే వంగి ఉన్నాడు. ఆవిడ రెండోసారి చెప్పాల్సి వచ్చింది.